రుచి చూడడం తినడం కాదట

మా అత్తగారికి నా మీద కోపం వస్తే నన్ను తిట్టేది కాదు, నా వంటను తిట్టేది. నన్ను తిట్టడం కన్నా అదే నాకు ఎక్కువ నొప్పి అని ఆవిడకు బాగా తెలుసు. మా నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్ పిల్లలకు మెస్ నడిపేవాడు. కోచింగ్‌కని వచ్చి ఇంటి మీద బెంగతో ఏడ్చే పిల్లలు మా అమ్మ పప్పుచారు తిని కుదుటపడేవాళ్లు. నేను ఆ మెస్ పొయ్యిల దగ్గరే పెరిగాను. అలాంటి నా వంట తినే తన కొడుకు అరికాళ్లు మండిపోతున్నాయని ఆవిడ వీధంతా చెప్పుకు తిరిగినప్పుడు నాకు పుట్టిన ద్వేషం మామూలుది కాదు. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పోగొట్టుకోవాలని నేనూ పెద్దగా ప్రయత్నించలేదు.

మా పుట్టింటివాళ్లది గుంటూరు వైపు. అత్తింటివాళ్లది నల్లగొండ దగ్గర బత్తాయి తోటలున్న పల్లె. మా ఆయనకు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో కమీషన్ దుకాణం ఉండేది. రైతులు తెచ్చిన పండ్లను వేలం వేయించి కొనేవాళ్లకు ఇప్పించడం ఆయన పని. మెస్‌కు పండ్లు కొనడానికి వెళ్లే మా నాన్నకు ఈయన నచ్చాడు, ఈయనకు మా నాన్న నచ్చాడు, నన్ను ఎవరూ పెద్దగా అడగకుండానే పెళ్లయిపోయింది. అప్పుడెవరూ ఆంధ్రా, తెలంగాణా అని లెక్క వేసుకోలేదు. పెళ్లయిన చాలా ఏళ్లకు ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకున్నాక, కొత్తపేటలోని మా ఇంట్లో ఆ లెక్క మొదలైంది. వంటింట్లోనే మొదలైంది.

ఆయనకు షుగరు అప్పటికే పాతదైపోయింది. మొదట అరికాళ్లలో చీమలు పాకినట్టుందన్నాడు. తర్వాత తిమ్మిరి, ఆ తర్వాత మంట. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబెట్టినట్టు ఉందనేవాడు. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేవాడు. మంచం దిగి, చల్లగా ఉంటాయని నేల మీది షాబాదు బండల మీద పాదాలు ఆనించుకుని కూర్చునేవాడు. విచిత్రం ఏమిటంటే, అంతగా మండే కాలికి తాకిడి మాత్రం తెలియదు. ఒకరోజు మార్కెట్ నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాడు. రెండో చెప్పు ఎక్కడ జారిపోయిందో ఆయనకు తెలియదు. గుమ్మంలో నేను చూసి చెప్పేదాకా జారిపోయిందనే తెలియదు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ కాలి గురించి మేం కలిసి నవ్వుకున్నది అదే చివరిసారి.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం బండల మీద ఎర్రటి మరకలు కనిపించాయి. ఎవరికి ఏం తగిలిందా అని మరకల వెంట వెళ్తే ఆయన కుర్చీ దగ్గర తేలాను. పండ్ల డబ్బా మేకు ఒకటి కుడికాలి బొటనవేలి కింద దిగబడి ఉంది. ఆయన టీవీలో ధర్నా చూస్తున్నాడు.

“ఏవండీ, మీ కాలు చూసుకున్నారా?” అన్నాను.

ఆయన వంగి, పక్కింటివాళ్ల కాలును చూసినట్టు చూశాడు.

చైతన్యపురిలో మేం వెళ్లే షుగరు డాక్టరు నిదానంగా మాట్లాడతాడు. నిదానంగా మాట్లాడేవాళ్లంటే నాకు చిరాకు, కానీ ఆ రోజు ఆయన చెప్పినదంతా విన్నాను. రక్తంలో షుగరు ఏళ్ల తరబడి ఎక్కువుంటే నరాలు దెబ్బతింటాయట. అన్నిటికన్నా పొడుగు నరాలు పాదాలకు వెళ్లేవి కాబట్టి ముందు అవే చెడతాయట. షుగరు ఒక్కసారి పైకెక్కి ఒక్కసారి కిందికి పడుతుంటే మంట ఇంకా రేగుతుందట. “మంట తగ్గడానికి మాత్ర రాస్తాను. కానీ మాత్ర మంటనే తగ్గిస్తుంది, నరాన్ని బాగుచేయదు. షుగరు దిగకపోతే పుండు కూడా మానదు. ఎముక దాకా పోతే వేలు తీయాలి. అప్పటికీ అదుపు లేకపోతే పాదం” అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, “అమ్మా, తిండి మీ చేతిలో ఉంది” అన్నాడు.

పక్క కుర్చీలో మా అత్తగారు కూర్చుని ఉంది. ఆ ఒక్క మాట చాలు ఆవిడకు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అసలు విషయం ఒకటే. ఆ పాదం దక్కుతుందా, పోతుందా? దక్కితే దేవుడి దయ. పోతే నా వంట.

నేను పంతం పట్టాను. పులుసులో బెల్లం మానేశాను. తెల్లన్నం ఒక చిన్న గిన్నెకు దించి, కూర రెట్టింపు చేశాను. పొద్దున ఇడ్లీ తీసేసి జొన్నరొట్టె, ఆకుకూర పప్పు పెట్టాను. రొట్టె కొట్టడం మా వైపు అలవాటు లేని పని. వేళ్లు కాల్చుకుని నేర్చుకున్నాను. మా అత్తగారు వచ్చి అంచులు పగిలాయని, మందంగా ఉందని వంకలు పెట్టేది తప్ప పిండి మీద చెయ్యి వేసేది కాదు. వీధిలో ప్రతి ఆడమనిషీ డాక్టరే. మెంతులు నానబెట్టమని ఒకరు, కాకర రసం తాగించమని ఒకరు, నేరేడు గింజల పొడి అని ఇంకొకరు. అన్నీ చేశాను. ఆయన ముఖం వికారంగా పెట్టుకుని తాగేవాడు. ఇంట్లో మామిడిపండు, అరటిపండు, ఏ పండూ కనపడకూడదన్నాను. పండ్లు అమ్మే మనిషి ఇంట్లో పండు నిషేధించాను. దానికి ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

ఇంత చేసినా పరీక్ష కాగితం నన్ను నిలువునా ముంచింది. పరగడుపున ఫరవాలేదు, మూడు నెలల షుగరు సగటు మాత్రం దిగిరాలేదు. మంట తగ్గలేదు. పుండు మానలేదు. డాక్టరు కళ్లద్దాల పైనుంచి చూసి, “ఎక్కడో తింటున్నారమ్మా” అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే మా అత్తగారు అందుకుంది.

“మా ఊర్ల ఎవలికున్నదే గీ షుగరు? జొన్నలు తిన్నన్నాళ్లు మంచిగనే ఉంటిమి. మీరొచ్చినంకనే మూడు పూటల తెల్లన్నం, ఇడ్లీలు, పులుసుల బెల్లం. మా నీళ్లు వాయె, మా నౌకరీలు వాయె, ఇగ నా కొడుకు కాళ్లు గూడ మీకే గావాల్నా?”

“పులుసులో బెల్లం మానేసి ఎన్నాళ్లయిందో మీ కొడుకునే అడగండి, అత్తయ్యా.”

“వాన్ని అడిగేదేంది? వండేది నువ్వు, పెట్టేది నువ్వు.”

కొడుకు అక్కడే ఉన్నాడు. రిమోట్ తీసుకుని టీవీ సౌండు పెంచాడు. టీవీలో ఎవరో గొంతు చించుకుని, ఆంధ్రావాళ్లు తమను ఎలా దోచుకుతిన్నారో చెబుతున్నాడు. నేను ఆ పెట్టెను, దాని ముందు కూర్చున్న మనిషిని, ఆయన వెనక నిలబడ్డ తల్లిని ఒకే చూపుతో కాల్చేద్దామనుకున్నాను.

ఎక్కడో తింటున్నాడంటే ఎవరో పెడుతున్నారు. నేను పెట్టడం లేదు కాబట్టి ఇంట్లో మిగిలింది ఆవిడే. తల్లి మనసు అని పేరు పెట్టుకుని చాటుగా లడ్డూలో, బెల్లం ముక్కలో అందిస్తోందని నాకు గట్టిగా తోచింది. ఆవిడ గుడికి వెళ్లినప్పుడు ట్రంకుపెట్టె తెరిచాను. చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. చీరలు, తమలపాకులు, వక్కలు, అమృతాంజనం సీసా. అంతే. మూత వేసి లేచేసరికి ఆవిడ గుమ్మంలో ఉంది.

“దొరికిందా?” అంది. “నా పెట్టెల నా కొడుకు షుగరు దొరికిందా?”

ఆ తర్వాత కొన్నాళ్లు మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఏదన్నా కావాలంటే గోడకు చెప్పేది, గోడే నాకు చెప్పాలి.

అప్పుడే పెద్ద సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి. పల్లెల నుంచి రావలసిన లారీలు దారిలోనే నిలిచిపోయాయి. మార్కెట్లో హర్రాజు లేదు, అంటే వేలంపాట లేదు, మా ఆయనకు పని లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇంట్లోనే. మా అత్తగారు మాత్రం ఎల్‌బీ నగర్ చౌరస్తాకు పోయి, రోడ్డు మీద రాళ్లు పెట్టి పొయ్యిలు వెలిగించి, పదిమందికీ వండి పెట్టే వంటావార్పులో కూర్చునేది. ఇంట్లో రొట్టె మీద చెయ్యి వేయని మనిషి అక్కడ బస్తాల లెక్కన వండేది. సాయంత్రం పొగ వాసన వేసే చీరతో, పెళ్లికి వెళ్లొచ్చినంత సంతోషంగా వచ్చేది. పాలకు వెళ్తే నా మాట తీరు విని ఒకామె నవ్వుతూనే, “మీరెప్పుడు పోతున్నరు?” అంది.

“ఎక్కడికి?” అన్నాను.

“మీ ఊరికి.”

“మాది దిల్‌సుఖ్‌నగర్. ఆటోలు తిరిగితే పోతాను” అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. నాకు కాస్త తృప్తి కలిగింది.

బయట ఊరంతా రగులుతుంటే మా ఇంట్లో ఆయన కాళ్లు చల్లబడ్డాయి. నా కళ్లముందే మూడు పూటలూ నేను పెట్టిందే తిన్నాడు. కొన్నాళ్లకు దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఒకరోజు పాదాలు చూసుకుంటూ, “చీమలు తక్కువైనయ్” అన్నాడు. పుండు అంచులు ఎండి లోపలికి దగ్గర పడ్డాయి. సమ్మె మధ్యలోనే, ఎలాగో స్కూటర్ మీద డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన పుండు చూసి నిజంగానే సంతోషపడ్డాడు.

“ఏం మార్చారు?”

“ఏమీ మార్చలేదండీ. అదే వంట” అన్నాను.

“తిరుగుడు లేదు గద సార్. కాలికి రెస్టు దొరికింది” అన్నాడు మా ఆయన, నా మాట పూర్తికాకముందే.

డాక్టరు తలూపాడు. నేను ఊపలేదు. పుండుకు విశ్రాంతి మంచిదే, ఒప్పుకుంటాను. కానీ షుగరు నడిస్తే దిగుతుందని ఇదే డాక్టరు ఎన్నిసార్లు చెప్పలేదు? మనిషి పొద్దస్తమానం కుర్చీలో కూర్చుంటే అది ఎక్కాలి గాని దిగడం ఏమిటి? ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇంట్లో మారింది ఏదీ లేదు. మారింది ఒకటే, ఆయన మార్కెట్‌కు వెళ్లడం లేదు.

సమ్మె ముగిసింది. మార్కెట్‌కు ఒక్కసారిగా సరుకు వచ్చిపడింది. బత్తాయి, సీతాఫలం, బొప్పాయి. ఆయన కొత్త పెళ్లికొడుకులా తయారై తెల్లారకముందే వెళ్లిపోయేవాడు. వారం తిరక్కుండానే మళ్లీ మంచం దిగి బండల మీద కాళ్లు పెట్టుకున్నాడు. పుండు తడిసింది, వాసన వేసింది. ఈసారి డాక్టరు పుండును నొక్కి చూశాడు. “మళ్లీ వచ్చేసరికి ఇలాగే ఉంటే సర్జన్‌కు చూపిద్దాం. బొటనవేలు ఉంచడం కష్టం” అన్నాడు. మా ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. మా అత్తగారు నన్ను చూస్తోంది.

మర్నాడు పొద్దున ఆయన వెళ్లిన కాసేపటికే నేనూ ఆటో ఎక్కి మార్కెట్‌కు వెళ్లాను. అన్నేళ్లలో నేను అక్కడికి వెళ్లింది చాలా తక్కువ. మా ఇంటి ఆడవాళ్లు అక్కడికి పోవడం ఆయనకు నచ్చదు. గేటుకు జెండాలు ఇంకా వేలాడుతున్నాయి. కాళ్ల కింద గడ్డి, తొక్కలు, చితికిన పండ్ల జారుడు. హమాలీల కేకల మధ్య దుకాణం ముందు కుప్పలు పోసి ఉన్నాయి. ఆ కుప్పల నడుమ చిన్న కత్తి పట్టుకుని మా ఆయన నిలబడి ఉన్నాడు.

నేను ఒక స్తంభం పక్కన ఆగి చూశాను. ఒక్కో కుప్ప దగ్గర ఆగడం, అడుగు నుంచి ఒక పండు లాగడం, కోయడం, ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకోవడం. చుట్టూ కొనేవాళ్లు పండును చూడడం లేదు, ఆయన మొహాన్ని చూస్తున్నారు. ఆయన కనుబొమ్మ లేస్తే పాట లేస్తోంది. ఆయన పెదవి విరిస్తే పాట చల్లబడుతోంది. బత్తాయి, ఆ పక్కన బొప్పాయి, ఆ పక్కన సీతాఫలం గుజ్జు, మళ్లీ బత్తాయి. ఇంట్లో టీవీ సౌండు పెంచుకోవడం తప్ప ఏదీ చేతకాని మనిషి ఇక్కడ రాజు. ఒక్క క్షణం నాకు గర్వంగానే అనిపించింది. ఆ వెంటనే కడుపు మండిపోయింది. ఇంట్లో నేను కూరలో క్యారెట్ ముక్క కూడా ఆలోచించి వేస్తున్నాను.

నన్ను చూడగానే ఆయన ముఖం మారిపోయింది. దుకాణం వెనక ఖాళీ డబ్బాల దగ్గరికి తీసుకెళ్లాడు.

“ఎందుకొచ్చినవే?”

“ఇది రోజూనా?”

“ఏంది?”

“ఈ తినడం.”

“తినుడెక్కడిదే? రుచి చూసుడు. గిది పని.”

“నాలుక మీద పెట్టింది కడుపులోకే కదండీ పోయేది?”

“ముక్కలే గద. పండుకు పండు తింటున్ననా?”

“డాక్టరుకు చెప్పారా?”

“ఏం తింటవని అడిగిండు, చెప్పిన. గిది తిండి గాదు.” ఆయన అబద్ధం ఆడుతున్నట్టు లేదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. వంట చేసేటప్పుడు ఉప్పు చూడడానికి చుక్క నాలుక మీద వేసుకోవడం భోజనం కానట్టే ఈయనకు ఇది తిండి కాదు. అన్నం ముందు కూర్చుంటేనే తిన్నట్టు.

“సరే, రుచి చూడండి. చూసి ఉమ్మేయండి” అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేను. ఎవరినో చంపి రమ్మన్నట్టు చూశాడు.

“రైతు ముందల ఆయన పండు ఉమ్మాల్నా? ఏడాదంత నీళ్లు వెట్టి సాదుకొని తెచ్చిండు. గాయన మొఖం మీద ఉమ్మినట్టే గద. మా బాపు బత్తాయి తెచ్చిన్నాడు ఒకడు గిట్లనే ఉమ్మిండు, ఇదే మార్కెట్ల. నేను పక్కనే ఉన్న. మా బాపు మల్ల మార్కెట్‌కు రాలే. తోట అమ్ముకున్నడు.”

ఇన్నేళ్ల కాపురంలో ఆయన తన తండ్రి గురించి నాకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఇంకో సందర్భంలో అయితే ఆయన చెయ్యి పట్టుకునేదాన్నేమో. కానీ నా బుర్రలో ఇంకోటి తిరుగుతోంది.

“అయితే మీ అమ్మ నా వంటను తిడుతున్నప్పుడు ఒక్కమాట చెప్పొచ్చుగా? నా వల్ల కాదని తెలుసుగా మీకు?”

ఆయన డబ్బా మీది గడ్డి పోచ తీసి కింద పారేశాడు. “ఆమె తిడ్తనే ఉంటది. నువ్వు పట్టించుకోకు.”

అంతే ఆయన దగ్గరున్నది. నా పరువుకు ఆయన ఇచ్చిన విలువ అంత. ఇంతలో ముందు నుంచి ఎవరో, “సేటూ, జర రాండ్రి, మా కుప్పకు హర్రాజు అయితున్నది” అని పిలిచారు. ఆయన వెళ్లాడు. కుడికాలు కాస్త ఈడుస్తున్నాడు. ఆ సంగతి ఆయనకు తెలియడం లేదు.

నేను వెనకే వెళ్లాను. తలపాగా చుట్టుకున్న ముసలి రైతు ఒకాయన బత్తాయిని కోసి, సగం చెక్కను రెండు చేతుల్లో పెట్టుకుని ఆయన ముందుకు చాచాడు. మా ఆయన చెయ్యి లేచింది. నేను మధ్యలో నా చెయ్యి అడ్డం పెట్టాను.

మెస్‌లో ముప్పై మంది పిల్లలకు వినబడేలా అరిచిన గొంతు నాది. ఆ గొంతుతోనే అన్నాను. “ఈయనకు షుగరు. కాలికి పుండు, వేలు తీసేయాలంటున్నారు. ఇంక ఈయనకు ఎవరూ ముక్క పెట్టకండి. పెట్టారంటే మీ చేత్తో ఈయన కాలు కోసినట్టే.”

పాట ఆగిపోయింది. ముసలాయన బత్తాయి చెక్కను గబుక్కున వెనక్కి తీసుకుని పంచెలో దాచుకున్నాడు. “అయ్యో, నాకు తెల్వదు బిడ్డా” అన్నాడు. కొనేవాళ్లలో ఒకడు పెద్దగా నవ్వి, “ఏం సేటూ, ఇంట్ల గూడ ఆంధ్రోళ్ల రాజ్యమేనా?” అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయన నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు. కత్తిని గుడ్డతో తుడిచి కాటా పక్కన పెట్టి, “ఇంటికి పో” అన్నాడు.

నేను ఇల్లు చేరేసరికి ఫోన్లు నాకన్నా ముందే చేరాయి.

“మార్కెట్ల మొగని ఇజ్జత్ తీసొచ్చినవా?” అంటూ మా అత్తగారు ఎదురొచ్చింది.

“మీ కొడుకు అక్కడ పొద్దున్నుంచీ ఏం తింటున్నాడో తెలుసా మీకు?”

“నాకెర్క లేదా? ఇన్నేండ్ల సంది వాని అంగీలు నేనే ఉతుకుతున్న. చేతుల మీద రసం మరకలు నాకు కనవడయా?”

“తెలిసీ నన్ను తిట్టారా?”

“నిన్ను తిడితే నువ్వు పడి ఉంటవ్” అంది ఆవిడ, చాలా మామూలుగా. “వాన్ని తిడితే వాడు కత్తి కింద వెట్టి ఇంట్ల కూసుంటడు. వాని బాపు గట్లనే కూసున్నడు. తోట అమ్మినంక గోడ దిక్కు మొఖం జేసి కూసున్నోడు మల్ల ఇటు తిరుగకుండనే పొయిండు. నా కొడుక్కు కాలు వోతే వోనీ, గట్ల మాత్రం కూసోవద్దనుకున్న.”

ఆవిడకు కన్నీళ్లేమీ రాలేదు. నాకూ రాలేదు. ఇంకో నిమిషం అక్కడ నిలబడితే ఆవిడ మీద చెయ్యి చేసుకుంటానని భయం వేసి వంటింట్లోకి వెళ్లి, ఆయన మధ్యాహ్నం అన్నానికి గిన్నెలో బియ్యం కొలిచి పోశాను.

ఆ తర్వాత మార్కెట్లో ఆయనకు ఎవరూ ముక్క పెట్టలేదు. రైతులకు పాపభయం. కొనేవాళ్లకేమో షుగరు మనిషి నాలుక మీద నమ్మకం పోయింది. పక్క దుకాణం నుంచి ఇంకొకతను వచ్చి రుచి చూడడం మొదలుపెట్టాడు. మా ఆయన కాటా దగ్గర తూకాలు చూస్తూ కూర్చున్నాడు. గోడ వైపు తిరిగి కాదు గాని, ఇంచుమించు అంతే. నెల దాటాక పుండు మళ్లీ ఎండింది. చలికాలం వెళ్లేలోగా మూసుకుపోయింది. మూడు నెలల సగటు దిగింది. చెడిన నరం మొత్తం వెనక్కి రాదని డాక్టరు ముందే చెప్పాడు, రాలేదు కూడా. కానీ మంట సగానికి సగం తగ్గింది, దుప్పటి కప్పుకుంటున్నాడు, వేలు వేలుగానే ఉంది. సర్జన్ దగ్గరికి వెళ్లే అవసరం రాలేదు.

మా అత్తగారు నా వంట గురించి మళ్లీ నోరెత్తలేదు. మెచ్చుకోనూ లేదు. మా ఆయన నాతో కావలసినంతే మాట్లాడతాడు. మాత్ర ఇవ్వు, తువ్వాలు ఎక్కడ, కరెంటు బిల్లు కట్టావా. పండగలకు మార్కెట్ నుంచి ఎవరైనా ఇంటికొస్తే లోపలి గదిలోకి వెళ్లిపోతాడు. నేను చేసింది తప్పని నాకు ఒక్కరోజూ అనిపించలేదు. మళ్లీ అదే చోట నిలబెడితే ఇంకా గట్టిగా అరుస్తాను.

రాష్ట్రం వచ్చిందన్న వార్త టీవీలో రాగానే వీధి వీధంతా బయటికొచ్చింది. డప్పులు, గులాల్, టపాకాయలు. ఆయన గేటు దగ్గర నిలబడ్డాడు. ఆయనా దాన్ని కోరుకున్నవాడే. సమ్మెలో దుకాణం మూసుకుని నష్టపోయి కూడా ఏమీ అనని మనిషి. ఆ రోజు ఆయన ముఖంలో ఎన్నాళ్లకో నవ్వు చూశాను. కుర్రాళ్లు, పెద్దవాళ్లు కలిసి లడ్డూల పళ్లెంతో వచ్చారు. ఒకతను లడ్డూ తీసి ఆయన నోటి దాకా తెచ్చి, “అన్నా, తెలంగాణ వచ్చింది, నోరు తీపి చేసుకో” అన్నాడు.

మా ఆయన తల వెనక్కి తీసుకున్నాడు. “నన్నడుగకుండ్రి” అన్నాడు. “నా నోరు నాది గాదు. ఆమెనడుగుండ్రి.”

అందరూ నా వైపు తిరిగారు. గుమ్మంలో మా అత్తగారు కూడా తిరిగింది. తెలంగాణ వచ్చిన రోజున తెలంగాణ మనిషి నోట్లో లడ్డూ పడాలా వద్దా చెప్పాల్సింది నేను. లడ్డూ పట్టుకున్నతను బతిమాలుతూ, “ఒక్కటే వదినా. ఇయ్యాల గూడనా?” అన్నాడు.

ఆయన కళ్లలో కోపం ఉంది. కోపం అడుగున ఇంకొకటి ఉంది. ఊఁ అనమని అడుగుతున్నాడు. జాలి వేసింది. ఒక్క లడ్డూతో కాలు పోదని నాకు తెలుసు, డాక్టరును అడిగినా అదే అంటాడు. కానీ ఇవాళ ఒకటి తింటే రేపు మార్కెట్లో మళ్లీ ఒకరు చెయ్యి చాస్తారు. అది కూడా ఒక్కటే అంటారు. ఆయనా తినడం కాదంటాడు.

“వద్దు” అన్నాను.

వాళ్లు పక్కింటికి వెళ్లిపోయారు. మా అత్తగారు తన వంతు లడ్డూ చేతిలో పట్టుకుని, తినకుండా నిలబడింది. ఆయన నా వంక చూడకుండా మెట్లెక్కి లోపలికి నడిచి వెళ్లాడు. నన్ను ఎంత తిట్టుకుంటున్నాడో నాకు తెలుసు. తిట్టుకోనీ, నడుస్తున్నాడు.